జ్వరం తగ్గాక గుండెకు వచ్చిన వాపు: నా అనుభవం

వైరల్ జ్వరం వస్తే మన దగ్గర ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండు మూడు రోజులు మంచాన ఉంటారు, ఒళ్ళు చల్లబడగానే పనిలోకి దిగిపోతారు. నాది తెనాలిలో మందుల షాపు. వానాకాలం వచ్చిందంటే ఆ జ్వరాలవాళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా వస్తూనే ఉంటారు. పోయిన వానాకాలం నాకూ వచ్చింది. ముందు విరేచనాలు, గొంతు నొప్పి, తర్వాత జ్వరం, ఒళ్ళంతా పోట్లు. పారాసిటమాల్ వేసుకుని ఓఆర్‌ఎస్ తాగుతూ పడుకున్నాను, తగ్గిపోయింది. అసలు సంగతి జ్వరం తగ్గాకే మొదలైంది.

వారం తిరిగేసరికి ఛాతీ మధ్యలో నొప్పి. వెల్లకిలా పడుకుంటే ఎక్కువయ్యేది, లేచి ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయంగా ఉండేది. గట్టిగా ఊపిరి తీస్తే పొడిచేది. మా అమ్మ "గ్యాస్ నొప్పిరా, వాము నమిలి వేణ్ణీళ్ళు తాగు" అంది. కానీ నొప్పితో పాటు మరోటి కూడా ఉంది. షాపు పైన సరుకు పెట్టుకునే గదికి ఆ మెట్లు ఎన్నేళ్ళుగానో అట్టపెట్టెలు మోసుకుంటూ ఎక్కుతున్నాను. ఇప్పుడు వట్టి చేతులతో ఎక్కినా సగంలో ఆయాసం వస్తోంది. రాత్రిళ్ళు ఊరికే గుండె దడ. నాకు ముప్పై ఆరేళ్ళు, బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు, సాయంత్రాలు షటిల్ ఆడేవాణ్ణి.

నా భార్య ఆ రాత్రి ఒకటే మాట అంది. "ఏవండీ, మీ షాపుకొచ్చి ఎవరైనా ఇలా చెబితే ముందు ఈసీజీ తీయించుకోమనేగా చెప్తారు? పదండి." అప్పటికప్పుడు బయల్దేరాం.

ఈసీజీలో తేడా కనిపించింది. గుండెపోటులో పైకి లేచే గీత నాకూ లేచి ఉంది. తెనాలి డాక్టరు గారు ఆస్పిరిన్ ఇచ్చి అంబులెన్సులో గుంటూరు పంపించారు. అక్కడ రక్తపరీక్షలో ట్రోపోనిన్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. గుండె కండర కణాలు దెబ్బతిన్నప్పుడు ఆ ప్రోటీన్ రక్తంలోకి ఎక్కువగా వస్తుంది. నేరుగా క్యాత్‌ల్యాబ్‌కి తీసుకెళ్ళి మణికట్టు దగ్గర నుంచి యాంజియోగ్రామ్, అంటే గుండె రక్తనాళాల్లో అడ్డులు చూసే పరీక్ష, చేశారు.

బ్లాకులు లేవు. ఒక్కటి కూడా లేదు. బయట మా బావమరిది అందరికీ ఫోన్లు చేసి "ఏం ఫర్లేదు, బ్లాకులు లేవంట" అని చెప్పేస్తున్నాడు. డాక్టరు గారు మాత్రం ఆ మాటతో తేలికపడలేదు. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తే పంపింగ్ 38 శాతం వచ్చింది. మామూలుగా 55 పైన ఉండాలి. రక్తనాళాల్లో అడ్డేమీ లేకుండానే కండరం దెబ్బతింటోంది. అప్పుడు మొదటిసారి ఆ పేరు విన్నాను, మయోకార్డైటిస్. గుండె కండరానికి వాపు.

మర్నాడు ఐసీయూలో ఆయన నా మంచం పక్కన నిలబడి, "మీరు బీఫార్మసీ చదివారటగా, కాస్త వివరంగానే చెప్తాను" అన్నారు. ఆయన చెప్పినదీ, ఆ తర్వాత నెలల్లో ఖాళీగా కూర్చుని నేను చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. తెలుగులో దీని గురించి వివరంగా చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు, నాలాంటివాళ్ళకు అది కావాలి.

ఈ వాపుకు కారణమయ్యే వైరస్‌లు చాలానే ఉన్నాయి. కాక్సాకీ బి, ఎడినో, పార్వో బి19, ఫ్లూ, కోవిడ్. మన ప్రాంతంలో డెంగీ, చికున్‌గున్యా తర్వాత కూడా కొందరిలో కనిపిస్తుంది. వీటిలో శాస్త్రవేత్తలు ఎక్కువగా పరిశోధించింది కాక్సాకీని. 1948లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కాక్సాకీ అనే ఊరి పిల్లల దగ్గర తీసిన నమూనాల్లో బయటపడింది కాబట్టి ఆ పేరు వచ్చింది. నోటి ద్వారా కడుపులోకి వెళ్ళి, అక్కడ పెరిగి, రక్తంలో కలిసి గుండెకు చేరుతుంది. గుండె కండర కణాలు ఒకదానితో ఒకటి అతుక్కునే చోట ఒక ప్రోటీన్ ఉంటుంది. కాక్సాకీ బి, ఎడినో వైరస్‌లు రెండూ దాన్నే పట్టుకుని లోపలికి వెళ్తాయి. లోపలికి వెళ్ళాక కాక్సాకీ వైరస్ తన ఎంజైముతో డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్‌ను కోసేస్తుంది. గుండె నిమిషానికి డెబ్బై సార్లు బిగిసి సడలుతున్నా కణం పొర చిరగకుండా కాచేది ఆ డిస్ట్రోఫినే. ఇదంతా వైరస్ తానుగా చేసే నష్టం. మొదటి కొద్ది రోజుల్లో జరిగిపోతుంది.

ఆ సమయంలో మన శరీరం ఊరుకోదు. పుట్టుకతో ఉన్న రక్షణ ముందు కదులుతుంది. వైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్లు అనే సంకేత ప్రోటీన్లు విడుదల చేసి పక్క కణాలను హెచ్చరిస్తాయి. సహజ హంతక కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు గుండెలోకి వచ్చి చేరతాయి. ఈ దశ లేకపోతే మనిషి నిలవడు. ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అందుకోలేకుండా చేసిన ఎలుకలకు కాక్సాకీ వైరస్ ఎక్కిస్తే అవి చాలా త్వరగా చనిపోయాయి.

తర్వాత వారం పది రోజులకు, అంటే సరిగ్గా నాకు నొప్పి మొదలైన సమయానికి, టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు రంగంలోకి దిగుతాయి. వైరస్ దాక్కున్న కణాన్ని గుర్తుపట్టి చంపడం వాటి పని. చర్మంలోనో, పేగులోనో అయితే చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుడతాయి. గుండె కండర కణాలు దాదాపుగా మళ్ళీ పుట్టవు. వైరస్‌తో పాటు పోయిన ప్రతి కణం దగ్గరా చివరికి మిగిలేది మచ్చ కణజాలమే. అది బిగుసుకోలేదు, సడలలేదు, విద్యుత్తును సరిగా పోనివ్వదు.

ఇంకో విషయం విన్నప్పుడు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. టీ కణాలు థైమస్ గ్రంథిలో శిక్షణ పొందుతాయని మేం చదువుకున్నాం. అక్కడ శరీరంలోని సొంత ప్రోటీన్లను వాటికి చూపిస్తారు. సొంతదాని మీద దాడికి దిగే కణాలను అక్కడే తీసేస్తారు. అయితే గుండె కండరంలో ఉండే ఒక రకం మయోసిన్ అనే ప్రోటీన్‌ను థైమస్ చూపించదని 2011లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అంటే ఆ మయోసిన్‌ను పరాయిదిగా భావించే టీ కణాలు మనలో ముందునుంచే ఉన్నాయి. మయోసిన్ కణం లోపల దాగి ఉన్నంతకాలం వాటికి పనిలేదు. వైరస్ కణాలను చీల్చేశాక అది బయటపడుతుంది, అప్పుడు దాడి దాని మీదికి మళ్ళుతుంది. కొందరిలో మయోసిన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు కూడా తయారవుతాయి. వైరస్ వెళ్ళిపోయాక కూడా వాపు ఆగకపోవడానికి ఇదొక కారణం. టీ కణాలు సరిగా పనిచేయకుండా చేసిన ఎలుకల్లో అదే వైరస్ సోకినా గుండె నష్టం తక్కువగా ఉంది.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని మన సామెత. డాక్టరు గారితో అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎలుకను వదిలేస్తే ఇల్లు ఎలాగూ మిగిలేది కాదు. మీ రోగనిరోధక శక్తి తప్పు చేయలేదు, కాకపోతే ఆ పని జరిగిన చోటు గుండె అయింది" అన్నారు. దాదాపు సగం మందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో ఈ దాడి తానే చల్లబడుతుందని కూడా చెప్పారు. దాన్ని అదుపు చేసే టీ కణాలు కూడా మనలో ఉంటాయి. అవి ముందుకొచ్చి మిగతావాటిని ఆపాలి. మిగిలినవాళ్ళలో కొందరికి పంపింగ్ తక్కువగానే ఉండిపోతుంది, కొందరికి పరిస్థితి మరీ దిగజారి గుండె మార్పిడి దాకా వెళ్తుంది. నేను ఏ దారిలో ఉన్నానో అప్పటికి తెలీదు.

ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ అసలు టెన్షన్ మానిటర్‌తోనే. వాపు వచ్చిన కండరంలో గుండె లయ తప్పే ప్రమాదం ఎక్కువ. గుండె కింది గదుల నుంచి వరసగా అదనపు స్పందనలు వచ్చినప్పుడల్లా అలారం మోగేది, సిస్టర్లు పరుగెత్తుకొచ్చేవారు. ఒక రాత్రి అలా చాలాసేపు ఆగకుండా వచ్చాయి. ఇంజెక్షన్ ఇచ్చాక ఆగాయి. ఆ రాత్రి నా భార్య ఐసీయూ గుమ్మం దగ్గరే కూర్చుంది, ఎంత చెప్పినా కదల్లేదు.

కాస్త నిలదొక్కుకున్నాక ఎంఆర్‌ఐ తీశారు. యాంజియోగ్రామ్‌లో ఏమీ లేదంటే గుండెకు ఏమీ కాలేదని చాలామంది అనుకుంటారు కాబట్టి ఈ పరీక్ష గురించి తప్పక చెప్పాలి. రక్తం అందక వచ్చే గుండెపోటులో నష్టం కండరం లోపలి పొర నుంచి మొదలవుతుంది. వైరస్ వాపులో ఎక్కువగా బయటి పొరలోనో, గోడ మధ్యలోనో ఉంటుంది. నాకు గుండె ఎడమ కింది గది (జఠరిక) పక్కగోడలో బయటివైపు తెల్లటి పట్టీ కనిపించింది. కండరంలో నీరు చేరిన జాడ వేరుగా కనిపించింది. ఈ రెండు ఆనవాళ్ళనూ కలిపి చూసే పద్ధతిని లేక్ లూయీస్ ప్రమాణాలు అంటారు. 2009లో వచ్చాయి, 2018లో సవరించారు. పూర్తిగా రూఢి కావాలంటే గుండె నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాలి. నేను కోలుకునే దారిలోనే ఉన్నాను కాబట్టి ఆ రిస్క్ వద్దన్నారు. అందువల్ల ఏ వైరస్ అన్నది నా కేసులో తేలలేదు. డెంగీ, కోవిడ్ పరీక్షల్లో మాత్రం లేదని వచ్చింది.

మా బావమరిది అడిగిన ప్రశ్న మంచిది. "సార్, నష్టం చేసేది ఇమ్యూనిటీ అయితే దాన్ని అణిచే స్టెరాయిడ్ ఇచ్చేయొచ్చు కదా?" సరిగ్గా ఇదే ఆలోచనతో అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ జరిగిందట. 1995లో ఫలితాలు వచ్చాయి. 111 మంది రోగుల మీద చేశారు, ఇమ్యూనిటీని అణిచే మందులు వాడినవాళ్ళకూ వాడనివాళ్ళకూ గుండె పంపింగ్‌లో తేడా రాలేదు. కండరంలో వైరస్ ఇంకా ఉండగా రక్షణను అణిచేస్తే వైరస్‌కు దారి ఇచ్చినట్టే. 2009లో ఇటలీ నుంచి మరో ట్రయల్ వచ్చింది. అందులో బయాప్సీ చేసి వైరస్ లేదని తేలినవాళ్ళనే, ఎంతోకాలంగా వాపు తగ్గనివాళ్ళనే తీసుకున్నారు. వాళ్ళకు ప్రెడ్నిసోలోన్ కోవకు చెందిన ప్రెడ్నిసోన్, అజాథయోప్రిన్ ఆరు నెలలు ఇస్తే ఎక్కువమందిలో పంపింగ్ మెరుగైంది. జెయింట్ సెల్ అనే అరుదైన, ప్రమాదకరమైన రకంలో అయితే ఇమ్యూనిటీని అణిచే మందులు తప్పనిసరి. కాబట్టి ఎవరికి, ఏ దశలో అన్నదే ముఖ్యం. నాకు అవసరం రాలేదు.

నాకు ఇచ్చినవి గుండె మీద భారం తగ్గించే మందులు. రామిప్రిల్, మెటోప్రొలాల్, స్పైరొనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. చివరిది షుగర్ మందుగా నేను రోజూ అమ్మేదే. షుగర్ లేకపోయినా గుండె బలహీనపడినవాళ్ళకు ఇస్తారు. మా అమ్మ ఆ చీటీ చూసి "నీకు షుగర్ కూడా వచ్చిందా నాన్నా" అని ఏడ్చింది, సర్దిచెప్పడానికి చాలా సమయం పట్టింది. రామిప్రిల్‌తో పొడి దగ్గు పట్టుకుంటే దాన్ని మార్చి ఇంకోటి ఇచ్చారు. నొప్పి మాత్రల విషయంలో గట్టిగా చెప్పారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దన్నారు. కాక్సాకీ సోకిన ఎలుకలకు ఆ తరహా మందులు ఇచ్చినప్పుడు వాపు పెరిగి చావులు ఎక్కువయ్యాయి.

ఇంటికొచ్చాక కొత్త ఇబ్బంది మొదలైంది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఇమ్యూనిటీ పెంచేది ఏదో ఒకటి తెచ్చేవారు. ఒకరు తిప్పతీగ కషాయం, ఒకరు అశ్వగంధ పొడి, ఇంకొకరు జింక్, విటమిన్ సి డబ్బా. "ఒంట్లో శక్తి లేకే వైరస్ గుండెదాకా పోయింది" అనేవాళ్ళు. వాళ్ళది ప్రేమే, నాకు తెలుసు. కానీ ఈ మాట ఎంత తప్పో గట్టిగా చెప్పాలనే ఇది రాయడానికి కూర్చున్నాను. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది బలహీనులకు కాదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకు, ఆడవాళ్ళకన్నా మగవాళ్ళకు ఎక్కువగా వస్తుంది. నాలో రక్షణ తక్కువై కాదు, అది పనిచేయడం వల్లే నా గుండె వాచింది. అప్పుడు కావాల్సింది దాన్ని పెంచడం కాదు, అది తనంతట తాను చల్లబడేదాకా గుండెకు శ్రమ లేకుండా చూడడం. కోవిడ్ తర్వాత ఇమ్యూనిటీ అనే మాటను ఎంత ఎక్కువుంటే అంత మంచిది అన్న అర్థంలో అమ్ముతున్నారు. రోగనిరోధక వ్యవస్థకు ఎప్పుడు మొదలవ్వాలో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగాలో కూడా అంతే ముఖ్యం.

గుండెకు శ్రమ లేకుండా చూడడం అంటే విశ్రాంతి. వినడానికి ఇది మందులా అనిపించదు. కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఆటలు, బరువులు, పరుగులు ఏవీ వద్దన్నారు. వెనకటికి ఎలుకలకు కాక్సాకీ వైరస్ ఎక్కించి బలవంతంగా ఈత కొట్టించారు. ఊరికే ఉంచినవాటికన్నా ఈత కొట్టినవాటి గుండెల్లో వైరస్ బాగా పెరిగింది, కండరం ఎక్కువగా చెడిపోయింది. కుర్రాళ్ళు జ్వరం తగ్గీ తగ్గకముందే జిమ్ముకో, మ్యాచ్‌కో వెళ్ళి కుప్పకూలిన వార్త చదివినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది. అలాంటి మరణాల్లో కొన్నింటికి కారణం ఈ వాపే.

ఆ నెలలు తేలిగ్గా గడవలేదు. షాపులో కుర్చీకే పరిమితమయ్యాను. పెట్టెలు దించడం, పైనుంచి సరుకు తేవడం అన్నీ మా కుర్రాడే చూసుకున్నాడు. పైకి బాగానే కనిపిస్తాను కాబట్టి "ఇంకా రెస్టేనా" అని అడిగేవారు. ఉప్పు తగ్గించమంటే ఆవకాయ పక్కన పెట్టాల్సి వచ్చింది, తెనాలి ఇంట్లో అది చిన్న సంగతేమీ కాదు. రాత్రిళ్ళు గుండె ఒక్కసారి ఎగిరినట్టు అనిపిస్తే మళ్ళీ మొదలైందేమోనని భయం. ఈ భయం గురించి డాక్టరు గారితో మొహమాటం లేకుండా మాట్లాడాను, అది మంచి పనైంది. ఇరవై నాలుగు గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ అనే పరికరం పెట్టి చూసి, ఆ ఎగురుడు ప్రమాదకరమైనది కాదని చూపించారు. కాగితం మీద చూశాక నిద్ర పట్టింది.

మూడు నెలల ఎకోలో పంపింగ్ 52 వచ్చింది. ఆరు నెలలకు మళ్ళీ ఎంఆర్‌ఐ. నీరు పూర్తిగా పోయింది. పక్కగోడలో సన్నటి మచ్చ మిగిలింది, అది ఉండిపోతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో, హోల్టర్‌లో లయ సరిగానే ఉందని తేలాక మెల్లగా నడక పెంచమన్నారు. ఈమధ్యే మళ్ళీ షటిల్ బ్యాటు పట్టుకున్నాను, డబుల్స్ మాత్రమే.

చాలామంది అడిగిన ఇంకో ప్రశ్న ఉంది. "కోవిడ్ టీకా వల్లేమో?" ఫైజర్, మోడర్నాల ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తర్వాత చాలా అరుదుగా, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, రెండో డోసు తర్వాత కొద్ది రోజుల్లో గుండె వాపు వచ్చిన మాట నిజం. ఎక్కువమందికి తేలిగ్గానే తగ్గింది. మనలో ఎక్కువమంది వేయించుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. ఆ రెండూ ఆ రకం టీకాలు కావు. నేను ఎన్నో ఏళ్ళ కింద వేయించుకున్న కోవిషీల్డ్‌కూ, విరేచనాలతో జ్వరం వచ్చిన వారానికి మొదలైన ఈ వాపుకూ ముడిపెట్టడానికి ఆధారమేమీ లేదు.

జ్వరం తగ్గిన తర్వాత రెండు మూడు వారాల్లోపు ఛాతీ నొప్పి గానీ, కారణం లేకుండా ఆయాసం గానీ, దడ గానీ, కళ్ళు తిరిగి పడిపోవడం గానీ ఉంటే నొప్పి మాత్ర అడగొద్దు. ఈసీజీ, ట్రోపోనిన్ రెండూ వెంటనే చేయించండి. వయసు చిన్నదని, ఇదివరకు ఏ జబ్బూ లేదని ఆగొద్దు. పిల్లల్లో అయితే ఛాతీ నొప్పి చెప్పకపోవచ్చు. ఆయాసం, వాంతులు, పాలు తాగకపోవడం, మరీ నీరసపడిపోవడం చూసుకోవాలి.

పంపింగ్ మామూలైంది కదా, మందులు ఆపేద్దామా అని మొన్న అడిగాను. వద్దన్నారు. ఇంగ్లండులో 2019లో ఒక చిన్న ట్రయల్ ఫలితాలు వచ్చాయట. గుండె పెద్దదై, మందులతో పూర్తిగా కోలుకున్నవాళ్ళకు మందులు మెల్లగా తీసేస్తే ఆరు నెలల్లో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నాది అచ్చంగా అదే జబ్బు కాకపోయినా, మచ్చ ఉంది కాబట్టి తొందర వద్దని ఆయన అభిప్రాయం. స్పైరొనోలాక్టోన్ ఒక్కటి ఆపారు. మిగతావి నడుస్తున్నాయి. వచ్చే ఏడాది ఎంఆర్‌ఐ చూశాక ఒక్కోటీ తగ్గించే విషయం మాట్లాడదామన్నారు.